మా ఇంటి పొగ లెక్క

మొన్న సంక్రాంతి సెలవులకు మా మనవడు బెంగుళూరు నుంచి బరంపురం వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. ఇరవై ఏళ్ళవాడు. భోగి నాటి సాయంత్రం నా పక్కన అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి, ‘‘తాతా, నువ్వు లెక్కల మేష్టారివి కదా! నాన్నకి ఒక లెక్క చెప్పవూ?’’ అన్నాడు.

‘‘ఏం లెక్కరా?’’ అన్నాను.

‘‘సిగరెట్ల లెక్క. నేను చెబితే నవ్వేస్తున్నాడు. అమ్మ చెబితే విసుక్కుంటున్నాడు. నువ్వు చెబితే వింటాడేమో!’’

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఈ విషయంలో మా అబ్బాయికి నీతులు చెప్పే అర్హత ఈ ప్రపంచంలో అందరికన్నా తక్కువ ఉన్నవాణ్ణి నేనే. ఆ సంగతి మనవడికి తెలియదు. ఇన్నాళ్ళూ నేనూ చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక ఒక కాగితం తీసుకుని మా ఇంటి లెక్క వేశాను. వేసిన తరువాత, ఇది మా ఒక్క ఇంటి లెక్క కాదు, మన పత్రిక చదివే ఇళ్ళలో చాలావాటి లెక్క ఇదేనని అనిపించింది. అందుకే రాస్తున్నాను.

నాయనమ్మ అడ్డచుట్ట

నేను పుట్టింది 1951లో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం అందులో కలిసేదాకా మాదీ మద్రాసు రాజధానే. సరిహద్దు మారినా చుట్టరికాలు మారలేదు. మా నాయనమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు. ఆవిడ కాపురానికి వస్తూ తెచ్చుకున్న అలవాట్లలో అడ్డచుట్ట ఒకటి.

నేటి పిల్లలకు అడ్డచుట్ట అంటే తెలియదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడమే అడ్డచుట్ట. పెదవులు మూసి ఉంటాయి. బయటికి కనిపించేది నిప్పు లేని కొస. నిప్పు నోట్లో ఉంటే గాలికి ఆరిపోదనీ, చంటిపిల్లను ఎత్తుకున్నా బూడిద మీద పడదనీ, రెండు చేతులకూ పని చేసుకునే వీలుంటుందనీ ఆ ఆడవాళ్ళు చెప్పేవారు. మా నాయనమ్మ నోట్లో చుట్ట ఉండగానే బియ్యం చెరిగేది, కూరలు తరిగేది, మా చెల్లెలికి జడ వేసేది. ‘‘ఒరే నానా, నిప్పట్టుకురా’’ అని పిలిస్తే, పొయ్యిలోంచి కణిక తీసుకుని పరుగెత్తుకు వెళ్ళేది నేనే. అందులో నాకు తప్పు కనబడేది కాదు, గొప్పగా ఉండేది.

‘మన ఆడవాళ్ళు పొగ తాగరు, అది పాశ్చాత్య నాగరికత’ అని ఎవరైనా సభల్లో మాట్లాడితే నాకు నాయనమ్మ గుర్తొస్తుంది. డెన్మార్కు దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులు మెహతా, గుప్తా, దఫ్తరీ మొదలైనవారు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. ప్రతి పదిమందిలో నలుగురికి పైగా అడ్డపొగ తాగేవారే. వారిలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళ అంగిలి మీద తెల్లని మచ్చలు, ఎర్రని చుక్కలు, కొందరికి పుళ్ళు. అంగిలి కాన్సరు మిగతా దేశంలో అరుదైతే, ఈ తీరంలో తరచుగా కనబడేది.

మా నాయనమ్మకు చివరి రెండేళ్ళూ నోటిలో పుండు ఉండేది. గంజి తప్ప మరేదీ మింగలేకపోయేది. వేడి చేసిందన్నారు, పసరు పూశారు. అదేమిటో ఎవరూ పరీక్ష చేయించలేదు. 1968లో పోయింది. ఇరవై ఏళ్ళ తరువాత ఆ శ్రీకాకుళం పరిశోధన సంగతి చదివినప్పుడు, పొయ్యిలోంచి నిప్పుకణిక తెచ్చిన నా చేతులను నేనే చూసుకున్నాను.

నాన్న సిగరెట్టు, నా సిగరెట్టు

మా తాతయ్యది మామూలు చుట్ట. నాన్నకు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం రాగానే చుట్ట నామోషీ అయింది. చుట్ట పల్లెటూరిది, సిగరెట్టు ఆఫీసుది. ఇంట్లో పొగాకు పోలేదు, వేషం మార్చుకుందంతే. మా చిన్నాన్నకు సిగరెట్టు కొనే స్తోమత లేక బీడీ పట్టాడు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారికి తాంబూలం పళ్ళెంతోపాటు సిగరెట్ల పళ్ళెం కూడా తిప్పేవారు. తిప్పకపోతే మర్యాద లోపం. కన్యాశుల్కంలో గిరీశం చుట్ట కాలుస్తూ చెప్పే కబుర్లకు కడుపుబ్బ నవ్వుకున్న జాతి మనది. గుంటూరు పొగాకు మన రైతుకు రొక్కం తెచ్చే పంట. అలాంటప్పుడు పొగాకును ఎవరు తప్పు పడతారు?

నాన్న 1979లో గుండెపోటుతో పోయారు. యాభై ఏడేళ్ళు. డాక్టరు గారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, ‘‘రోజుకు ఎన్ని కాల్చేవారు?’’ అని. ఆ ప్రశ్న విని ఆస్పత్రి వరండాలోకి వచ్చి నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. జేబులోంచి సిగరెట్టు తీసి వెలిగించాను. నేను కాలేజీలో చేరిన ఏడు, పదిహేడో ఏట మొదలుపెట్టాను. స్టాఫ్ రూములో కాల్చేవాణ్ణి. పిల్లల పేపర్లు దిద్దుతూ కాల్చేవాణ్ణి. మా అబ్బాయికి నడక వచ్చి, చిల్లర లెక్కపెట్టడం వచ్చిన నాటి నుంచి వీధి చివర కిళ్ళీ కొట్టుకు వాణ్ణే పంపేవాణ్ణి. ఖాతా నెలాఖరుకు తీర్చేవాణ్ణి.

1991లో ఒక నెల ఖాతా ఎక్కువ వచ్చింది. కొట్టు అతను మంచివాడు. ‘‘మేష్టారూ, ఈ మధ్య రోజుకి రెండు పెట్టెలు చేశారేంటండి? ఆరోగ్యం జాగ్రత్త బాబూ’’ అన్నాడు. నేను కాల్చేది రోజుకొక పెట్టె.

రెండో పెట్టె ఎవరిదో అర్థం కావడానికి లెక్కల మేష్టారు కానక్కరలేదు. మా అబ్బాయికి అప్పుడు పదిహేనేళ్ళు. ఇంటికి వచ్చాను. వాణ్ణి కొట్టడానికి చెయ్యి ఎత్తాను. ఎత్తిన చేతి వేళ్ళ మధ్య సిగరెట్టు ఉంది. చెయ్యి దించేశాను. మరుసటి ఏడు, నలభై ఒకటో ఏట, నేను మానేశాను. వాడు మానలేదు.

దేశం లెక్క ఎలా ఉంది?

మన దేశంలో 15 ఏళ్ళు నిండినవారి పొగాకు అలవాట్ల మీద ‘గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే’ రెండుసార్లు జరిగింది. ఒకటి 2009–10లో, రెండవది 2016–17లో. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని విషయాలు స్పష్టంగా కనిపిస్తాయి.

పొగ తాగేవారు నూటికి 14 మంది నుంచి 10.7కు తగ్గారు. మగవారిలో 24.3 నుంచి 19కి, ఆడవారిలో 2.9 నుంచి 2కు. నమిలేదీ పీల్చేదీ అన్నీ కలుపుకుంటే మొత్తం పొగాకు వాడకం 34.6 నుంచి 28.6కు వచ్చింది. అంటే ఏడేళ్ళలో నూటికి ఆరుగురు తగ్గారు.

అయితే అన్ని వయసులవారిలోనూ ఒకే రకంగా తగ్గలేదు. 15 నుంచి 24 ఏళ్ళ వారిలో వాడకం 18.4 నుంచి 12.4కు పడింది. అంటే మూడింట ఒక వంతు తగ్గింది. ఇంకా చిన్నవాళ్ళలో, 15 నుంచి 17 ఏళ్ళ మధ్యవారిలో, 9.6 నుంచి 4.4కు పడింది. సగానికి పైగా తగ్గుదల! మొదటిసారి పొగాకు ముట్టుకునే సగటు వయసు 17.9 నుంచి 18.9కి పెరిగింది. వయసు పెరిగేకొద్దీ మాత్రం వాడేవారి శాతం కూడా ఎక్కువగానే ఉంది. ముసలివాళ్ళలో కనిపించే ఆ పెద్ద అంకె ఈనాటిది కాదు. వాళ్ళ పదిహేడో ఏట, పద్ధెనిమిదో ఏట వేసిన విత్తనం అది.

ఇందుకు కారణాలు ఉన్నాయి. 2003 చట్టం పొగాకు ప్రకటనలను ఆపింది. 18 ఏళ్ళలోపు వారికి అమ్మడం, బడికి వంద గజాల లోపు అమ్మడం నేరం చేసింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగరాదన్న నిబంధన గట్టిగా అమలులోకి వచ్చింది. 2009 మే 31 నుంచి పెట్టెల మీద బొమ్మల హెచ్చరికలు వచ్చాయి. 2016 ఏప్రిల్ నుంచి ఆ హెచ్చరిక పెట్టెలో 85 శాతం ఆక్రమించాలన్నారు. అవి చూసి మానేద్దామని ఆలోచించినట్టు చెప్పిన సిగరెట్టుదారులు 2009–10లో నూటికి 38 మంది అయితే, 2016–17లో దాదాపు 62 మంది. ఆలోచించడం వేరు, మానడం వేరు అనుకోండి. మా అబ్బాయి కూడా ఆ 62 మందిలో ఉండే ఉంటాడు.

మన పిల్లలు కొందరు స్థిరపడిన అమెరికాలోనూ ఇదే వరస. 1965లో అక్కడ పెద్దవాళ్ళలో నూటికి 42 మంది సిగరెట్టు కాల్చేవారు. 2021 నాటికి 11.5కు దిగారు. అందులో 45–64 ఏళ్ళవారు 14.9 శాతం ఉంటే, 18–24 ఏళ్ళవారు 5.3 శాతమే.

శాతం తగ్గే మూడు దారులు

ఇక్కడ నాలోని మేష్టారు ఒక ప్రశ్న వేయకుండా ఉండలేడు. ఒక గదిలో పదిమంది ఉన్నారు, ఎనిమిదిమంది పొగ తాగుతున్నారు. కొంతకాలానికి ఆ గదిలో పొగతాగేవారి శాతం తగ్గింది. ఎలా తగ్గి ఉంటుంది?

మూడు దారులున్నాయి. తాగేవాళ్ళు మానేసి ఉండవచ్చు. కొత్తగా గదిలోకి వచ్చినవాళ్ళు మొదలుపెట్టకుండా ఉండి ఉండవచ్చు. లేదా, తాగేవాళ్ళు చనిపోయి ఉండవచ్చు. మూడింటికీ కాగితం మీద పడే అంకె ఒకటే. ఇంట్లో మాత్రం ఒకటి కాదు.

మా ఇల్లే చూడండి. 1965లో మా ఇంట్లో పెద్దవాళ్ళు అయిదుగురు: తాతయ్య, నాయనమ్మ, నాన్న, అమ్మ, చిన్నాన్న. అమ్మ తప్ప నలుగురూ పొగ తాగేవారే. నూటికి 80. ఇప్పుడు కూడా ఇంట్లో పెద్దవాళ్ళం అయిదుగురమే: నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, మనవడు. తాగేది ఒక్కడే. నూటికి 20. అరవై ఏళ్ళలో నాలుగింట మూడు వంతులు తగ్గింది. పేపర్లో వేసుకోదగ్గ ప్రగతి!

కాని ఆ నలుగురు ఏమయ్యారు? ముగ్గురు కాలుస్తూ కాలుస్తూనే పోయారు. చిన్నాన్న ఊపిరాడక డెబ్బయ్యో ఏట మానేశాడు. బుద్ధిపూర్వకంగా, ఆరోగ్యంగా ఉండగా మానినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ కొడుకు చేతిలో పెట్టె చూశాక. మిగిలిన మేలంతా అసలు మొదలుపెట్టని మనవడిది. మా ఇంటి శాతం తగ్గడంలో మొదటి దారి కంటే మూడో దారి పాలే ఎక్కువ. అంకె చూసి సంతోషించే ముందు అది ఏ దారిన వచ్చిందో అడగాలి.

పొగ పోయి పొట్లం వచ్చె

ఇంకొక చిక్కు ఉంది. మా బరంపురంలో పెళ్ళిళ్ళలో సిగరెట్ల పళ్ళెం ఏనాడో పోయింది. కుర్రవాళ్ళు సిగరెట్టు వాసన వస్తే మొహం తిప్పుకుంటారు. సంతోషమే. అయితే వాళ్ళ జేబుల్లో చిన్న చిన్న పొట్లాలు ఉంటాయి. ఖైనీ, గుట్కా, జర్దా. ఆడవాళ్ళలో కొందరు పళ్ళకు రాసుకునే గుడాకు కూడా పొగాకుదేనని వాళ్ళకే తెలియదు.

2016–17 సర్వేలో ఒరిస్సాలో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు నూటికి 45.6 మంది. ఏడేళ్ళ కింద 46.2. అంటే ఉన్నచోటే ఉంది. అందులో పొగ రాని రకాలు వాడేవారే 42.9. మహారాష్ట్రలో పొగ తాగేవారు 3.8 శాతమే, కాని నమిలేవారు 24.4. కర్ణాటకలో మొత్తం వాడకం 28.2 నుంచి 22.8కు తగ్గింది. తమిళనాడులో 16.2 నుంచి 20కి పెరిగింది. మన పత్రిక వెళ్ళే రాష్ట్రాల్లో ఒక్కొక్క దాని కథ ఒక్కొక్కటి. అమెరికాలోనూ కుర్రకారులో పదకొండు శాతం మంది 2021లో ఎలక్ట్రానిక్ సిగరెట్లు పీల్చారు. మన దేశంలో వాటిని 2019లో నిషేధించారు. చుట్టను నామోషీ చేసి సిగరెట్టు వచ్చినట్టే, సిగరెట్టును నామోషీ చేసి మరొకటి వస్తుంది. పేరు మారినప్పుడల్లా మనం పాతదాన్ని మరిచిపోయి కొత్తదాన్ని చూడం.

బడిపిల్లల మీద 2019లో జరిగిన సర్వే ఇంకొక హెచ్చరిక చేసింది. 13–15 ఏళ్ళ పిల్లల్లో పొగాకు వాడేవారు 2009లో 14.6 శాతం ఉంటే 8.5కు తగ్గారు. కాని సిగరెట్టు అలవాటున్న ఆ పిల్లల్లో నూటికి 38 మంది పదేళ్ళు నిండకముందే మొదలుపెట్టారు. బీడీ కాల్చేవారిలో 47 మంది. పదేళ్ళ పిల్లవాడికి సిగరెట్టు ఎక్కడ దొరుకుతుంది? నాకు తెలుసు. నాన్న కోసం కొట్టుకు వెళ్ళినప్పుడు దొరుకుతుంది.

బీడీ మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. ఒకసారి షోలాపూరులో స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. ఆ పేటలో ఏ ఇంటి గుమ్మంలో చూసినా మన తెలుగు ఆడపడుచులు ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆ కూలితో పిల్లలను చదివించుకున్న తల్లులు వాళ్ళు. దేశంలో బీడీ కాల్చేవారు 9.2 శాతం నుంచి 7.7కు తగ్గారంటే నాకు సంతోషం, ఆ గుమ్మంలో దిగులు. వాళ్ళకు మరొక పని చూపించే బాధ్యత కూడా ఈ లెక్కలో భాగమే. వాళ్ళను తప్పు పట్టి లాభం లేదు. ‘బీడీ ఆకుతో చేసినది, సిగరెట్టు కంటే మంచిది’ అనే మాట మాత్రం నమ్మకండి. మన దేశంలో జరిగి 2008లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం ప్రకారం బీడీ వల్ల మగవారి ఆయుర్దాయం సుమారు ఆరేళ్ళు, సిగరెట్టు వల్ల పదేళ్ళు తగ్గుతుంది.

నాన్నకి చెప్పిన లెక్క

ఇక మనవడు అడిగిన లెక్క. ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు 1951లో అక్కడి డాక్టర్లకే ఉత్తరాలు రాసి, ‘మీరు పొగ తాగుతారా, ఎంత?’ అని అడిగారు. 34,439 మంది మగ డాక్టర్ల జీవితాలను యాభై ఏళ్ళు గమనించిన ఫలితం 2004లో వెలువడింది. జీవితాంతం కాల్చినవారు, ఎన్నడూ కాల్చనివారికంటే సగటున పదేళ్ళు ముందు పోయారు. ముప్పయ్యో ఏట మానినవారికి ఆ పదేళ్ళూ దాదాపు పూర్తిగా తిరిగి దక్కాయి. నలభైలో మానితే తొమ్మిదేళ్ళు, యాభైలో మానితే ఆరేళ్ళు, అరవైలో మానితే మూడేళ్ళు.

కనుమ నాడు భోజనాలయ్యాక మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని మా అబ్బాయిని పిలిచాను. ముందు 1991 నాటి ఖాతా సంగతి చెప్పాను. నాయనమ్మకు నిప్పు తెచ్చిన సంగతీ, ఆస్పత్రి వరండా సంగతీ చెప్పాను. ‘‘ఒరేయ్, నీకు ఈ అలవాటు నేర్పింది స్నేహితులు కాదురా, నేను. నీ చేతికి డబ్బులిచ్చి కొట్టుకు పంపాను. మానమని చెప్పే హక్కు నాకు లేదు. లెక్క మాత్రం చెబుతాను’’ అన్నాను. ఆ తరువాత ఆ నాలుగు అంకెలూ కాగితం మీద రాసి ఇచ్చాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ‘‘నాకు వచ్చే ఏడు యాభై నిండుతాయి కదా నాన్నా’’ అన్నాడు చివరికి. ‘‘అవును. ఆరేళ్ళు’’ అన్నాను. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబులో సిగరెట్టు పెట్టె కూడా ఉంది. ఈ వ్యాసం రాస్తున్న నాటికి రోజుకు పది నుంచి నాలుగుకు తెచ్చాడని కోడలు చెబుతోంది. పూర్తిగా మానాడని రాయాలని నాకు ఉంది, కాని లెక్కల మేష్టారు తప్పు జవాబు వేయకూడదు. మనవడు మాత్రం రోజూ రాత్రి బెంగుళూరు నుంచి ఫోను చేసి, ‘‘ఈవేళ ఎన్ని నాన్నా?’’ అని అడుగుతున్నాడు. ఒకప్పుడు మా ఇంట్లో అలవాటు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఇప్పుడు బుద్ధి కొడుకు నుంచి తండ్రికి వెళ్తోంది.

పాఠకులకు నాదొక విన్నపం. ఒక ఆదివారం కాగితం తీసుకుని మీ ఇంటి లెక్క మీరూ వేయండి. అరవై ఏళ్ళ కింద ఎందరు, ఇప్పుడు ఎందరు, మధ్యలో వాళ్ళు ఏ దారిన తగ్గారు? నమిలేవారిని కూడా కలపండి. పిల్లవాణ్ణి ఏ కొట్టుకు పంపినా ఫరవాలేదు గానీ ఆ కొట్టుకు పంపకండి. మానాలనుకునేవారికి ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ఉచిత టెలిఫోను సహాయం 1800-11-2356 ఉంది. మా అబ్బాయి ఇంకా ఆ నంబరుకు ఫోను చేయలేదు. కాగితం వెనక రాసి ఇచ్చాను.